ఒక పక్క మూగబోయిన స్టీరియో యాంప్లిఫయర్: లోపం పట్టి బాగుచేసే పద్ధతి

మా ఇంట్లో ఒక పాత యాంప్లిఫయర్ ఉంది. కంపెనీది కాదు, నాన్న ఊళ్లో రేడియో మెకానిక్‌తో అసెంబుల్ చేయించుకున్నది. లోపల 24-0-24 ట్రాన్స్‌ఫార్మర్ (మధ్య వైరు నుంచి రెండు పక్కలా 24 వోల్టులు ఇచ్చేది), ఒక్కో చానెల్‌కి ఒక జత చొప్పున 2ఎస్‌సీ5200, 2ఎస్‌ఏ1943 పవర్ ట్రాన్సిస్టర్లు. ఒక వినాయక చవితికి దానికి అదనంగా రెండు స్పీకర్లు తగిలించి వీధిలోకి తిప్పాం. రాత్రి తొమ్మిదింటికి ఎడమ పక్క ఫట్‌మంది. ఫ్యూజ్ మార్చాను, అదీ పోయింది. కొంచెం పెద్ద ఫ్యూజ్ వేశాను, ఈసారి పొగొచ్చింది. మర్నాడు కొత్త ట్రాన్సిస్టర్ల జత కొని, టంకం పెట్టి, నేరుగా ప్లగ్గులో పెట్టాను. ఒక్క సెకనులో అవీ కాలిపోయాయి.

అప్పుడు నా దగ్గర లేనివి రెండు. ఒకటి వంద వాట్ల ఫిలమెంట్ బల్బు. రెండోది, పెట్టెలోనే నాకు కావలసిన సర్క్యూట్ డయాగ్రమ్ ఉందన్న తెలివి. స్టీరియో అంటే ఒకే పెట్టెలో అచ్చుగుద్దినట్టున్న రెండు యాంప్లిఫయర్లు. రెండూ ఒకేసారి పాడవడం తక్కువ. బాగున్న చానెల్‌లో ఏ పాయింటు దగ్గర ఎంత రీడింగ్ వస్తుందో, పాడైన చానెల్‌లో అదే పాయింటు దగ్గర అంతే రావాలి. ఎక్కడ తేడా వస్తే లోపం ఆ చుట్టుపక్కలే ఉంటుంది. కింద చెప్పే పనంతా ఈ పోలిక మీదే నడుస్తుంది. నేను చెప్పేది పెద్ద ఇనుప ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న మామూలు యాంప్లిఫయర్ గురించి. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ బదులు ఎస్‌ఎంపీఎస్ అనే తేలికపాటి స్విచింగ్ పవర్ సప్లై ఉన్న కొత్త హోమ్ థియేటర్ల సంగతి చివర్లో చెబుతాను.

మూత తీయకముందు

చాలాసార్లు జబ్బు యాంప్లిఫయర్‌కి ఉండదు. బ్యాలెన్స్ నాబ్ ఒక పక్కకి తిరిగి ఉంటుంది, పిల్లలు స్పీకర్ ఏ-బీ స్విచ్ నొక్కి ఉంటారు, లేదా టేప్ మానిటర్ బటన్ లోపలికి ఉంటుంది. ముందు ఇవి చూడండి.

తర్వాత పవర్ ఆపి, యాంప్లిఫయర్ వెనక ఎడమ, కుడి స్పీకర్ వైర్లు అటుదిటు మార్చండి. మూగతనం రెండో స్పీకర్‌కి మారితే యాంప్లిఫయర్‌లోనో, దానికి వచ్చే పాటలోనో తేడా ఉంది. మొదటి స్పీకరే మూగగా ఉంటే ఆ స్పీకర్‌దో దాని వైరుదో తప్పు. స్పీకర్ విప్పి 1.5 వోల్టుల పెన్సిల్ సెల్ ఒక్క క్షణం తాకిస్తే 'టక్' మనాలి. మల్టీమీటర్ పెడితే 8 ఓమ్‌ల స్పీకర్ ఆరు, ఆరున్నర ఓమ్‌లు చూపిస్తుంది, అది మామూలే.

ఇప్పుడు స్పీకర్లు యథాస్థానంలో పెట్టి ఇన్‌పుట్ పిన్నులు అటుదిటు మార్చండి. మూగతనం పక్క మారితే తప్పు ఫోనుదో, సెటప్ బాక్సుదో, కేబుల్‌దో. మారకుండా అదే చానెల్‌లో ఉంటే ఇక మూత తీయాల్సిందే. రెండు పక్కలా అసలు శబ్దమే లేకపోతే, రెండింటికీ ఉమ్మడిగా ఉండే పవర్ సప్లైని ముందు అనుమానించండి.

చేతులు జాగ్రత్త

ప్లగ్గు పీకాలి. స్విచ్ ఆపితే సరిపోదు, చాలా ఇళ్లలో ఫేజు, న్యూట్రలు తారుమారై ఉంటాయి. ప్లగ్గు పీకాక కూడా పెద్ద ఫిల్టర్ కెపాసిటర్లలో (పాత మెకానిక్‌లు కండెన్సర్లు అంటారు) చార్జి మిగిలి ఉంటుంది. కొందరు స్క్రూడ్రైవర్ అడ్డంపెట్టి టప్‌మనిపిస్తారు. చూడ్డానికి హుషారుగానే ఉంటుంది గానీ కెపాసిటర్‌కీ బోర్డుకీ మంచిది కాదు. 100 ఓమ్‌లు, 10 వాట్ల రెసిస్టర్‌కి రెండు వైర్లు టంకం పెట్టి, ప్లస్‌కీ గ్రౌండ్‌కీ (ట్రాన్స్‌ఫార్మర్ మధ్య 0 వైరు కలిసే చోటు) మధ్య పది సెకన్లు పట్టుకోండి. మైనస్ వైపూ అలాగే చేయండి. తర్వాత మీటర్ పెట్టి వోల్టేజ్ దాదాపు సున్నా అయిందని కళ్లతో చూశాకే చెయ్యి పెట్టండి.

కరెంటు ఉండగా కొలిచేటప్పుడు కాళ్లకు చెప్పులు ఉండాలి, నేల పొడిగా ఉండాలి. మీటర్ నల్ల వైరును క్రొకడైల్ క్లిప్పుతో గ్రౌండ్‌కి బిగించి, ఒక్క చేత్తోనే ఎర్ర వైరు ఆడించండి. రెండో చెయ్యి జేబులో ఉంటే మేలు.

సీరీస్ బల్బు

ఇది లేకుండా రిపేరు మొదలుపెట్టొద్దు. ఒక చెక్క మీద బల్బు హోల్డర్, ఒక సాకెట్ బిగించండి. ప్లగ్గు నుంచి వచ్చే ఫేజు వైరు ముందు బల్బులోకి వెళ్లి, అక్కడి నుంచి సాకెట్‌కి రావాలి. న్యూట్రలు, ఎర్తు నేరుగా సాకెట్‌కి. బల్బు కచ్చితంగా పాతరకం ఫిలమెంట్‌దే కావాలి, ఎల్‌ఈడీ పనికిరాదు.

లోపల పూర్తి షార్ట్ ఉన్నా, వంద వాట్ల బల్బు అర ఆంపియర్ కంటే తక్కువ కరెంటునే లోపలికి వదులుతుంది. ఫ్యూజ్ పోదు, కొత్త ట్రాన్సిస్టర్ పేలదు, బల్బు మాత్రం నిండుగా వెలుగుతుంది. లోపం లేని యాంప్లిఫయర్ అయితే స్విచ్ వేయగానే బల్బు ఒక్కసారి మెరిసి, కెపాసిటర్లు నిండగానే మసకబారుతుంది. నిండుగా వెలుగుతూనే ఉంటే లోపల షార్ట్ ఉందన్నమాట.

కళ్లతో, ముక్కుతో

మీటర్ తీయకముందు ఐదు నిమిషాలు టార్చి వేసి చూడండి. పైభాగం ఉబ్బిన కెపాసిటర్, నల్లబడిన రెసిస్టర్, పగిలిన ట్రాన్సిస్టర్, మాడిన వాసన. మన ఇళ్లలో ఇంకోటి ఉంటుంది: బల్లి. వెచ్చగా ఉంటుందని లోపల దూరి, బోర్డు మీద రెండు పాయింట్ల మధ్య పడి చచ్చిపోతుంది. చీమల మట్టి, బొద్దింక రెట్ట కూడా షార్ట్ చేస్తాయి. పాత జపాన్ సెట్లలో పెద్ద కెపాసిటర్ల అడుగున పసుపు జిగురు ఉంటుంది. ఏళ్లు గడిచి అది గోధుమరంగుకి తిరిగితే కరెంటు పాకించడమే కాకుండా పక్క భాగాల కాళ్లనూ తినేస్తుంది. దాన్ని మెల్లగా గీకి తీసేయండి.

బోర్డు తిప్పి టంకాలు చూడండి. బరువైనవి, వేడెక్కేవి, చేత్తో తిప్పేవి ఉన్నచోట టంకం చుట్టూ సన్నని ఉంగరంలా పగులు కనిపిస్తే అది డ్రై సోల్డర్. ట్రాన్స్‌ఫార్మర్ వైర్లు, రెగ్యులేటర్లు, వాల్యూమ్ కంట్రోల్, స్పీకర్ టెర్మినళ్లు, ఈ నాలుగు చోట్లా ఎక్కువ. తట్టితే పాట వచ్చిపోతుంటే ఇదే కారణం. పాత టంకం సక్కర్‌తో లాగేసి కొత్తది పెట్టండి. పాతదాని మీదే ఇంకో బొట్టు వేస్తే నాలుగు నెలలకి మళ్లీ మూత తీస్తారు.

కరెంటు లేకుండా కొలిచేవి

ఫ్యూజ్‌లతో మొదలుపెట్టండి. కంటికి బాగున్నట్టు కనిపించినా బజర్ మోడ్‌లో చూడండి. గాజు లోపల నల్లగా మసిపట్టి ఉంటే షార్ట్ వల్ల పోయింది. తీగ మధ్యలో మెల్లగా తెగినట్టు ఉంటే వయసైపోయి ఉండొచ్చు. ఒక్కో చానెల్‌కి విడి ఫ్యూజ్‌లు ఉంటే సగం పని అయినట్టే.

తర్వాత పవర్ ట్రాన్సిస్టర్లు. 2ఎస్‌సీ5200ని అంకెలు మనవైపు ఉండేలా పట్టుకుంటే దాని మూడు కాళ్లు ఎడమ నుంచి బేస్, కలెక్టర్, ఎమిటర్. బజర్ మోడ్‌లో కలెక్టర్‌కీ ఎమిటర్‌కీ మధ్య 'కీ' మంటే అది చచ్చింది. డయోడ్ మోడ్‌లో ఎర్ర వైరు బేస్ మీద పెట్టి, నల్లది మిగతా రెండింటికీ తాకిస్తే రెండుచోట్లా 0.5 నుంచి 0.7 మధ్య రావాలి. 2ఎస్‌ఏ1943కి ఇదే పరీక్ష నల్లది బేస్ మీద పెట్టి చేయాలి. బోర్డులో ఉండగా చుట్టుపక్కల రెసిస్టర్ల వల్ల రీడింగులు తేడాగా రావచ్చు. అందుకే కుడి చానెల్‌లో అదే ట్రాన్సిస్టర్‌ని కొలిచి పక్కపక్కన కాగితం మీద రాసుకోండి.

పవర్ ట్రాన్సిస్టర్ షార్ట్ అయితే అది ఒంటరిగా పోదు. దాన్ని నడిపే డ్రైవర్ ట్రాన్సిస్టర్, ఎమిటర్ దగ్గరి 0.22 లేదా 0.33 ఓమ్‌ల తెల్ల సిమెంటు రెసిస్టర్, బేస్ రెసిస్టర్ కూడా పోయి ఉండొచ్చు. నేను మొదటిసారి చేసిన తప్పు ఇదే. పెద్దవి రెండూ మార్చి, వెనక ఉన్న డ్రైవర్‌ని చూడలేదు. సిమెంటు రెసిస్టర్ పైకి తెల్లగానే ఉండి లోపల తెగిపోతుంది కాబట్టి కొలవకుండా నమ్మొద్దు.

ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చే ఏసీని డీసీగా మార్చే బ్రిడ్జిలో నాలుగు డయోడ్లు ఉంటాయి. ఒక్కోటి ఒక దిశలో 0.5 ప్రాంతం చూపించి, రెండో దిశలో ఏమీ చూపించకూడదు.

షార్ట్ ఎక్కడో తేలకపోతే ముక్కలుగా విడగొట్టండి. ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీ వైర్లు విప్పి సీరీస్ బల్బు మీద పెట్టండి. అప్పుడూ బల్బు నిండుగా వెలిగితే ట్రాన్స్‌ఫార్మరే పోయింది. లేకపోతే బ్రిడ్జి, కెపాసిటర్లు కలిపి చూడండి. ఆ తర్వాత ఒక చానెల్ బోర్డు, తర్వాత రెండోది. ప్రతిసారీ ప్లగ్గు పీకి, కెపాసిటర్లు ఖాళీ చేశాకే వైరు ముట్టుకోవాలి.

సామాను కొనడం

హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీలో దొరకని విడిభాగం తక్కువ. టెన్షన్ అల్లా నకిలీలతోనే. 2ఎస్‌సీ5200 తోషిబా డిజైన్, 230 వోల్టులు, 15 ఆంపియర్లు తట్టుకోవాలి. అదే పేరు అచ్చేసి లోపల చిన్న చిప్పు పెట్టినవి బోలెడు. మెల్లగా వింటే పనిచేస్తాయి, వాల్యూమ్ పెంచగానే పోతాయి. మిగతా వాటికంటే మరీ చవగ్గా ఇస్తుంటే అనుమానించండి. ఎస్‌టీకే ఐసీలది (యాంప్లిఫయర్ భాగాలన్నీ ఒకే ముక్కలో ఉండేవి) ఇంకా అన్యాయం. వాటిని చేసిన సాన్యో సెమీకండక్టర్ 2011లో ఆన్ సెమీకండక్టర్ చేతికి వెళ్లింది. పాత నంబర్లతో ఇప్పుడు దొరికే 'కొత్త' ఐసీ గురించి నాకు పెద్ద ఆశల్లేవు. పాడైపోయిన సెట్‌లో నుంచి తీసిన అసలు ఐసీ దొరికితే అదే నయం.

జతలో ఒకటే పోయినా రెండూ మార్చండి, డ్రైవర్లతో సహా. ఫిల్టర్ కెపాసిటర్ మార్చేటప్పుడు మైక్రోఫారడ్‌లు పాతవాటికి సమానంగా, వోల్టులు సమానం లేదా ఎక్కువగా ఉండాలి. ప్లస్ మైనస్ తిరగేస్తే బాంబులా పేలుతుంది, మొహం దూరంగా పెట్టి పని చేయండి.

బిగించడం

పవర్ ట్రాన్సిస్టర్ వెనక రేకు కలెక్టరే. వేడిని లాగే అల్యూమినియం దిమ్మకి, అంటే హీట్‌సింక్‌కి, అది తగలకుండా మైకా షీటు, స్క్రూకి ప్లాస్టిక్ బుష్ ఉండాలి. మైకాకి రెండు వైపులా హీట్‌సింక్ పేస్టు పల్చగా రాయండి, రొట్టె మీద వెన్నలా కాదు. బిగించాక కలెక్టర్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య బజర్ మోగకూడదు. టీడీఏ7294 ఐసీ బోర్డులకీ ఇదే నియమం, దాని వీపు మైనస్ సప్లైకి కలిసి ఉంటుంది. 7912 రెగ్యులేటర్ వీపు గ్రౌండ్ అనుకుంటారు చాలామంది. 7812కి అది నిజం, 7912కి మాత్రం వీపు ఇన్‌పుట్.

హీట్‌సింక్‌కి ఒక చిన్న ట్రాన్సిస్టర్‌నో డయోడ్‌నో కూడా తగిలించి ఉంటారు. అది వేడిని చూసి బయాస్ కరెంటుని (పాట లేనప్పుడు కూడా పవర్ ట్రాన్సిస్టర్లలో పారే కొద్దిపాటి కరెంటు) తగ్గిస్తుంది. దాన్ని గాల్లో వదిలేసి మూతేస్తే, వేడెక్కిన కొద్దీ కరెంటు పెరిగి, కరెంటు పెరిగిన కొద్దీ వేడెక్కి, మళ్లీ మొదటికొస్తారు.

మొదటిసారి కరెంటు ఇవ్వడం

స్పీకర్లు తగిలించొద్దు. ఇన్‌పుట్ కూడా ఏమీ వద్దు. బయాస్ ప్రీసెట్ (స్క్రూడ్రైవర్‌తో తిప్పి బయాస్ మార్చే చిన్న రెసిస్టర్) ఉంటే అది కరెంటు తక్కువగా ఉండే చివర ఉందని చూసుకోండి. ఎటు తిప్పితే తక్కువో తెలియకపోతే బాగున్న చానెల్‌లోని ప్రీసెట్ ఏ స్థితిలో ఉందో చూసి, సుమారు అలాగే పెట్టి మొదలుపెట్టండి. సీరీస్ బల్బు మీద స్విచ్ వేయండి. బల్బు మెరిసి మసకబారాలి.

ఇప్పుడు కొలతలు. 24-0-24 ట్రాన్స్‌ఫార్మర్ అయితే 24ని 1.414తో గుణిస్తే దాదాపు 34, డయోడ్ల దగ్గర పోయేది తీసేస్తే ప్లస్ 33, మైనస్ 33 వోల్టుల ప్రాంతంలో ఉండాలి. బల్బు ఉన్నందువల్ల కొంచెం తగ్గినా, ప్లస్, మైనస్ ఒకే లెక్కలో ఉండాలి.

తర్వాత స్పీకర్ టెర్మినల్ దగ్గర డీసీ. స్పీకర్‌ని కాపాడే రిలే (డీసీ వస్తే స్పీకర్‌ని కలపని స్విచ్) ఉన్న సెట్‌లో రిలేకి ముందు కొలవండి. 50 మిల్లీవోల్టుల లోపు ఉంటే మంచిది. వంద దాటితే కారణం వెతకాలి. ఏకంగా 33 వోల్టులు ఉంటే ఇంకా ఏదో షార్ట్ మిగిలే ఉంది. ఆ స్థితిలో స్పీకర్ తగిలిస్తే ఐదు ఆంపియర్ల డీసీ వాయిస్ కాయిల్లోంచి పారుతుంది, స్పీకర్ పొగబెట్టేస్తుంది. ముందు యాంప్లిఫయర్ పోయి, దాని వెంట స్పీకర్ కూడా పోయే ఇళ్లలో జరిగేది ఇదే.

రెండు చానెళ్లలోనూ డీసీ బాగుంటే సీరీస్ బల్బు తీసి నేరుగా కరెంటు ఇవ్వండి. ఇప్పుడు బయాస్. ఒక ఎమిటర్ రెసిస్టర్ రెండు చివరల మధ్య మిల్లీవోల్టులు కొలవండి. 0.22 ఓమ్‌ల మీద ఐదున్నర మిల్లీవోల్టులు వస్తే 25 మిల్లీఆంపియర్లు పారుతున్నట్టు. ఇలాంటి ఇంటి యాంప్లిఫయర్‌కి ఆ ప్రాంతంలో ఉంటే బాగుంటుంది. కంపెనీ సెట్ అయితే దాని సర్వీస్ మాన్యువల్ అంకెదే చివరి మాట. ప్రీసెట్‌ని పిసరంత పిసరంత తిప్పండి. అరగంట వదిలేసి మళ్లీ చూడండి. రీడింగ్ పెరుగుతూ పోతుంటే వేడి చూసే ట్రాన్సిస్టర్ సరిగా తగల్లేదు.

పాట లేకుండానే హీట్‌సింక్ చెయ్యి పెట్టలేనంత కాలుతుంటే, అవుట్‌పుట్ దగ్గరి 10 ఓమ్‌ల రెసిస్టర్, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ జతను చూడండి. ఆ రెసిస్టర్ మాడిందంటే యాంప్లిఫయర్ మనకి వినపడని స్థాయిలో తనలో తాను ఊగిపోతోంది. ఆ రెండూ మార్చండి.

మొదటి పాటకి పోయినా బాధలేని పాత స్పీకర్ వాడండి.

పేలుళ్లు లేని చిన్న జబ్బులు

గుంయ్‌మని హమ్ వస్తుంటే వాల్యూమ్ సున్నా చేయండి. అప్పుడూ అంతే ఉంటే ఫిల్టర్ కెపాసిటర్లు ఎండిపోయి ఉంటాయి. వాల్యూమ్‌తో పాటు పెరుగుతూ తగ్గుతూ ఉంటే ఇన్‌పుట్ కేబుల్, గ్రౌండు చూడండి. సెటప్ బాక్సుకి వచ్చే డిష్ కేబుల్ విప్పగానే హమ్ ఆగితే అది గ్రౌండ్ లూప్, అంటే గ్రౌండు రెండు దారుల్లో కలవడం. హమ్ పోతుందని ప్లగ్గులో ఎర్తు పిన్ను మాత్రం పీకొద్దు.

నాబ్ తిప్పితే గరగరమంటే పవర్ ఆపి, వాల్యూమ్ కంట్రోల్ సందులోకి కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ముప్పైసార్లు అటూ ఇటూ తిప్పండి. కుట్టుమిషన్ నూనె పోయొద్దు, దుమ్ము పట్టి ఇంకా పాడవుతుంది.

ఒక పక్క శబ్దం వస్తోంది గానీ బాగా తక్కువగా ఉంటే ఫీడ్‌బ్యాక్ దారిలో (అవుట్‌పుట్‌లో కొంత వెనక్కి ఇన్‌పుట్ వైపు పంపే దారి) గ్రౌండ్‌కి వెళ్లే 47 లేదా 100 మైక్రోఫారడ్‌ల చిన్న కెపాసిటర్‌ని అనుమానించండి. అది ఎండిపోతే యాంప్లిఫయర్ పెంచడం మానేసి, వచ్చినదాన్ని వచ్చినట్టే వదులుతుంది. రిలే ఉన్న సెట్లలో అయితే రిలే కాంటాక్టులు నల్లబడి కూడా ఇలా అవుతుంది. వాల్యూమ్ ఒకసారి గట్టిగా పెంచితే సర్దుకుంటుంటే రిలేనే. మార్చేయడం మేలు.

స్విచ్ వేసిన కొద్ది సెకన్లకి రిలే 'టిక్' మనకపోతే దానికి అడ్డంగా వైరు కలిపి పాట వినాలనిపిస్తుంది. రిలే పాడైందని కాదు, డీసీ ఉందని అది చెబుతుండొచ్చు. ముందు డీసీ కొలవండి.

చేయి పెట్టకూడనివి

ఎస్‌ఎంపీఎస్ ఉన్న హోమ్ థియేటర్లలో ట్రాన్స్‌ఫార్మర్‌కి ముందే మెయిన్స్‌ని డీసీ చేస్తారు. ఆ కెపాసిటర్‌లో 325 వోల్టులు ఉంటాయి. ఇప్పుడే నేర్చుకుంటున్నవాళ్లు అది అనుభవమున్న మెకానిక్‌కి ఇవ్వడమే నయం. చుట్టలు కాలిన ట్రాన్స్‌ఫార్మర్‌ని కూడా నేను రిపేరు చేయించను, అదే వోల్టులు, ఆంపియర్లు ఉన్న కొత్తది వేస్తాను.

ఇంతకీ మా ఇంటి సెట్ ఎందుకు పోయిందో బోర్డు మీద దొరకలేదు. వెనక టెర్మినల్ దగ్గర, మెలిపెట్టిన స్పీకర్ వైరులోంచి బయటికొచ్చిన ఒక్క రాగి పోగు పక్క టెర్మినల్‌ని తాకుతోంది. దానికి తోడు 8 ఓమ్‌ల స్పీకర్లు రెండేసి ఒకే చానెల్‌కి కలిపి 4 ఓమ్‌లు చేశాం. వైర్ల చివరలకి టంకం పూసి బిగించాను. మూత లోపలివైపు మార్కర్‌తో రెండు చానెళ్ల డీసీ, బయాస్, సప్లై వోల్టులు తేదీ వేసి రాసి పెట్టాను. ఈసారి రెండు చానెళ్లూ కలిసి పోయినా పోల్చుకోవడానికి అంకెలు ఉంటాయి.